వీలునామా, వ్యాపారము, వకీలు

మన తెలుగులో కోర్టు వ్యవహారములకు సంబంధించిన మాటలను ఒకచోట కూర్చి చూచినచో ఒక విశేషము కనబడును. వకీలు, వకాల్తా, దావా, దస్తావేజు, జామీను, రాజీనామా, అమీను - ఇవన్నియు అరబ్బీ, పారసీ భాషలనుండి ఉర్దూ మూలమున వచ్చి తెలుగువారి నోట స్థిరపడిన మాటలే. ‘ముద్దాయి’ అను మాటకైతే అర్థమే తలక్రిందులైనది. ఉర్దూలో దావా తెచ్చినవాడు ముద్దయీ. తెలుగులో నేరము మోపబడినవాడు ముద్దాయి. ‘వీలునామా’ మరియొక చిత్రము. ఆంగ్లేయుల ‘విల్’ అను మాటకు పారసీ ‘నామా’ అతికి పుట్టిన పదమది. ఇక ‘వకీలు’ అనగా, నమ్మి పని అప్పగింపబడినవాడు అని అర్థము.

మాటలు మన ఇంటివే. కాని ఆ మనిషి యొద్దకు పోవుటకు మాత్రము మనవారు వెనుకాడుదురు. ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెను అని మన పెద్దలు చెప్పుకొందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అయితే అది తగవు ముదిరిన తరువాత వకీలును వెదకికొనువారిని గూర్చిన మాట. తగవు పుట్టకముందే ఆయన యొద్దకు పోయి, మన ఆస్తిని, వ్యాపారమును ఒక క్రమములో పెట్టుకొనుట వేరొక పని. రోగము వచ్చిన పిమ్మట వైద్యునికడకు పోవుటకు, రాకుండ టీకా వేయించుకొనుటకు ఉన్నంత భేదము ఈ రెంటికిని కలదు. ఈ రెండవ పనిని గూర్చి మన విద్యార్థినీ విద్యార్థులు తెలిసికొనవలసిన సంగతులను కొన్నింటిని ఈ వ్యాసమున వివరింతును.

వ్రాతకు గల విలువ

పవిత్ర ఖురానులో అన్నింటికన్న దీర్ఘమైన వాక్యము రెండవ సూరాలోని 282వ ఆయతు. అందలి విషయము నమాజు కాదు, ఉపవాసము కాదు, అప్పు పత్రము. గడువు పెట్టి ఇచ్చి పుచ్చుకొనునపుడు వ్రాసికొనవలెననియు, వ్రాయువాడు న్యాయముగా వ్రాయవలెననియు, సాక్షులు ఉండవలెననియు, చిన్న మొత్తమని వ్రాయుటకు విసుగు చెందరాదనియు అందు ఆదేశింపబడినది. వీలునామా వ్రాయదగిన ఆస్తి కలవాడు అది వ్రాసి తనయొద్ద ఉంచుకొనక రెండు రాత్రులు గడపుట తగదను భావముగల హదీసు బుఖారీ, ముస్లిం సంకలనములు రెంటియందును కలదు. కనుక కాగితము వ్రాయించుట అపశకునమనియు, బంధువుల నడుమ పత్రమేమిటనియు తలచుట మన ధర్మమునుండి వచ్చిన అలవాటు కాదు.

వ్రాత స్పష్టముగా లేనప్పుడు ఏమగునో తెలుపుటకు మన హైదరాబాదు చరిత్రలోనే ఒక గొప్ప ఉదాహరణము కలదు. 1948 సెప్టెంబరులో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వపు సొమ్ము పది లక్షల పౌండ్లకు పైగా లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకునకు, అక్కడి పాకిస్తాను హైకమిషనరు పేరిటి ఖాతాలోనికి పంపబడినది. అది తన అనుమతి లేకుండ జరిగినదని నిజాము కొద్ది రోజులకే తిరిగి కోరెను. ఆ సొమ్ము ఎవరి నిమిత్తము, ఏ షరతుమీద అక్కడ ఉంచబడెనో తేల్చు ఒడంబడిక అందరును అంగీకరించు రూపములో లేదు. దీని వెనుక గల రాజకీయ కారణములు వేరు. ఏమైనను నిజాము 1967లో గతించెను, సొమ్ము కదలలేదు. తుదకు 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు ఆ సొమ్ము నిజాముదేనని, భారత ప్రభుత్వమునకును ఆయన మనుమలకును అనుకూలముగా తీర్పు చెప్పినది. అప్పటికి అది సుమారు 3 కోట్ల 50 లక్షల పౌండ్లైనది. 71 సంవత్సరములు గడచినవి. రాజులకే ఇట్లు జరిగినప్పుడు బజారులో చిన్న దుకాణము నడుపుకొను మనవంటివారి సంగతి చెప్పనేల?

మరణానంతరము ఆస్తి నడచు దారి

మన దేశమున ముస్లింల వారసత్వము 1937 నాటి షరియత్ వర్తింపు చట్టము ననుసరించి షరియత్ ప్రకారము నడచును. దాని క్రమమును మొదట గ్రహింపవలెను. మృతుని ఆస్తినుండి ముందుగా అంత్యక్రియల ఖర్చు, పిదప అప్పులు, ఆపైన చెల్లునంత మేరకు వీలునామా, మిగిలినది వారసులకు. భార్యకు చెల్లింపని మహర్ కూడ అప్పే. దానిని దయతో ఇచ్చు కానుకగా భావించుట పొరపాటు. అది తీరిన తరువాతనే పంపకము.

ఒక ఉదాహరణము చూతము. కట్టెల అడితి నడుపు వర్తకుడొకడు భార్యను, ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను విడిచి గతించెననుకొందము. తల్లిదండ్రులు అంతకుముందే పోయిరి. అడితి, ఇల్లు, నగదు అన్నియు కలిపి 48 లక్షలు. అంత్యక్రియల ఖర్చు, బాకీలు కలిపి 7 లక్షలు. చెల్లింపని మహర్ లక్ష. ఇవి పోగా నికరము 40 లక్షలు. సంతానము ఉన్నది కనుక భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 5 లక్షలు. మిగిలిన 35 లక్షలలో కుమారునకు రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. అనగా కుమారులకు చెరి 14 లక్షలు, కుమార్తెకు 7 లక్షలు. తల్లి జీవించి యున్నచో ఆమెకు ఆరవ వంతు పోవును, లెక్క మారును. సంతానమే లేనిచో భార్యకు నాల్గవ వంతు వచ్చును.

లెక్క సులభముగానే కనబడును. చిక్కు వచ్చునది లెక్కయందు కాదు. అడితి స్థలము ఎవరి పేరిట ఉన్నది? పెద్ద కుమారుడు పది సంవత్సరములు అందు కష్టపడెను. అతడు భాగస్వామియా, సహాయకుడా? బాకీలలో వ్యాపారపు అప్పు ఎంత, ఇంటి అప్పు ఎంత? ఇవన్నియు తండ్రికి మాత్రమే తెలిసిన సంగతులు. తండ్రితోబాటు ఆ జవాబులును సమాధిలోనికి పోయినచో పిల్లలకు మిగులునది తగవే. మరియొక అపోహ గూడ కలదు. తండ్రి ఆస్తిలో కుమారునకు పుట్టుకతోనే హక్కు వచ్చునని మనవారిలోను అనేకులు అనుకొందురు. ముస్లిం ధర్మశాస్త్రమున అట్టి హక్కు లేదు. తండ్రి జీవించియున్నంతవరకు ఆస్తి ఆయనదే. కనుకనే దానిని చక్కబెట్టు బాధ్యతయు ఆయనదే.

వీలునామా: హద్దు, అవసరము

ముస్లిము తన నికరపు ఆస్తిలో మూడవ వంతుకు మించి వీలునామా వ్రాయరాదు. మించినచో, ఆయన మరణానంతరము వారసులు సమ్మతించిననే ఆ అధిక భాగము చెల్లును. వారసునికే వీలునామా వ్రాయుట హనఫీ సంప్రదాయమున మిగిలిన వారసుల సమ్మతి లేనిదే చెల్లదు. షియా సంప్రదాయమున మూడవ వంతు లోపల వారసునికి వ్రాసినను చెల్లును. ప్రత్యేక వివాహ చట్టము క్రింద పెండ్లాడినవారికి వారసత్వము 1925 నాటి భారత వారసత్వ చట్టము ననుసరించి పోవును. ఈ భేదములను ఎరుగనివారు వ్రాసిన వీలునామాలు ఎన్నియో చిత్తు కాగితములగుచున్నవి. ఒక కుమారునికే సర్వస్వము వ్రాసి నిశ్చింతగా కన్నుమూసినవారు కలరు. ఆ కాగితము మిగిలినవారి సమ్మతి లేక నిలువదు.

అట్లయిన వీలునామాతో పని యేమి అని అడుగవచ్చును. రెండు సందర్భములలో దాని అవసరము ప్రాణప్రదమైనది.

మొదటిది తండ్రిలేని మనుమల సంగతి. తాత జీవించియుండగనే పెద్ద కుమారుడు మరణించెననుకొందము. తాతకు మరియొక కుమారుడు ఉన్నచో, మరణించిన కుమారుని పిల్లలకు తాత ఆస్తిలో వారసత్వ భాగము రాదు. దగ్గరి వారసుడు దూరపు వారసుని అడ్డగించుట అందలి సూత్రము. ఈ పిల్లలకొరకు ఈజిప్టు దేశము 1946లో తప్పనిసరి వసియ్యత్ అను చట్టము చేసినది. పాకిస్తాను 1961 నాటి ఆర్డినెన్సు ద్వారా వారికి తండ్రి భాగమును కల్పించినది. మన దేశమున అట్టి చట్టము లేదు. కాని దారి మూసికొనిపోలేదు. ఆ మనుమలు వారసులు కారు గనుకనే తాత వారికి మూడవ వంతు వరకు ఎవరి సమ్మతియు లేకుండ వీలునామా వ్రాయవచ్చును. నికరము 36 లక్షలైనచో 12 లక్షలు ఆ పిల్లలకు చేరును. అది వారి చదువులు, పెండ్లిండ్లు. తాత ఆ ఒక్క కాగితము వ్రాయకున్నచో వారు పినతండ్రి దయమీద ఆధారపడవలసినదే. దయగల పినతండ్రులు కలరు. కాని పిల్లల బ్రతుకును దయమీద నిలుపుట న్యాయము కాదు.

రెండవది మైనరు పిల్లల ఆస్తి. ముస్లిం ధర్మశాస్త్రమున మైనరుల ఆస్తికి సహజ సంరక్షకుడు తండ్రి, తరువాత తండ్రి వీలునామాలో నియమించిన వసీ, తరువాత తాత, ఆపైన తాత నియమించిన వసీ. ఈ వరుసలో తల్లి లేదు. కోర్టు నియమింపనిదే తల్లి తన పిల్లల స్థలమును అమ్మినను, తాకట్టు పెట్టినను ఆ వ్యవహారము వారిని కట్టిపడవేయదని ప్రివీ కౌన్సిలు 1918లోనే తీర్పు చెప్పినది. చిన్నపిల్లలతో వితంతువైన స్త్రీ 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద జిల్లా కోర్టు మెట్లెక్కవలసి వచ్చుట ఇందువలననే. అయితే తండ్రి తన వీలునామాలో భార్యనే వసీగా నియమింపవచ్చును. ఒక్క వాక్యము చాలును. ఆ ఒక్క వాక్యము వ్రాయవలెనని చెప్పువాడు కావలెను, అతడే వకీలు.

ముస్లిం వీలునామాకు ఇంత ఆకృతి అని లేదు. నోటి మాటగా చెప్పినదియు చెల్లును. కాని నోటి మాటను నిరూపించుట కత్తిమీద సాము. వ్రాసి, ఇద్దరు సాక్షులచేత సంతకములు చేయించుట మేలు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము క్రింద వీలునామా రిజిస్టరు చేయుట తప్పనిసరి కాదు. కాని చేయించినచో దానిని కాదనుట కష్టము. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు యొద్ద దాచి యుంచు సదుపాయము గూడ ఆ చట్టములోనే కలదు. రిజిస్టరైన వీలునామానైనను వ్రాసినవాడు తన జీవితకాలమున ఎప్పుడైనను మార్చుకొనవచ్చును, రద్దు చేయవచ్చును.

హిబా

జీవించియుండగనే ఇచ్చు దానము హిబా. దీనికి మూడవ వంతు హద్దు లేదు, వారసునకైనను ఇవ్వవచ్చును. ఇచ్చుచున్నానని దాత ప్రకటన, గ్రహీత అంగీకారము, స్వాధీనము అప్పగించుట - ఈ మూడును ఉండవలెను. మూడవదే ముఖ్యము. కాగితముమీద ఇచ్చి, తాళపుచెవులు తనయొద్దనే ఉంచుకొని, అద్దెలు తానే వసూలు చేసికొనుచున్నచో ఆ హిబా సందేహాస్పదమగును. మరణవ్యాధిలో మంచముపట్టి ఇచ్చిన హిబా కూడ మూడవ వంతు హద్దునకే లోబడును. పంచుకొనని ఉమ్మడి ఆస్తిలో భాగమును ఇచ్చునపుడు ‘ముషా’ అను వేరొక చిక్కు కలదు.

వ్రాసిన హిబానామా రిజిస్టరు కానిచో చెల్లునా అను ప్రశ్న చాలకాలము కోర్టులను బాధించినది. ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు 2011లో దీనిని తేల్చినది. మూడు లక్షణములును ఉన్నచో హిబా చెల్లుననియు, దానిని కాగితముమీద పెట్టినంతమాత్రమున రిజిస్ట్రేషను తప్పనిసరి కాదనియు ఆ తీర్పు సారాంశము. ఇది చూచి రిజిస్ట్రేషను అనవసరమని తీర్మానింపరాదు. ఆ కేసులోని హిబా 1968 నాటిది. తీర్పు 2011 నాటిది. నలువది మూడు సంవత్సరములు! గెలిచిన పక్షము గెలిచినది నిజమే. కాని రిజిస్ట్రారు కార్యాలయములో ఒక పూట గడపినచో ఆ సంవత్సరములు మిగిలెడివేమో.

సంతానముకొరకు చేయు వక్ఫ్ సంగతియు ఇక్కడనే చెప్పవలెను. 1913 నాటి చట్టము దానిని చెల్లుబాటు చేసినది. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టము దానివలన స్త్రీ వారసులతో సహా ఏ వారసుని హక్కునకును భంగము కలుగరాదని విధించినది. ఆ సవరణలోని కొన్ని ఇతర నిబంధనలపై సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. ఇట్టి విషయములలో పాత పుస్తకమును నమ్ముకొనక నేటి చట్టము తెలిసిన వకీలునే అడుగవలెను.

నామినీ, జి.పి.ఏ. - రెండు అపోహలు

బ్యాంకు ఖాతాకో, బీమా పాలసీకో పెద్ద కుమారుని నామినీగా వ్రాసి, సొమ్ము అతనికే చెందునని ఇంటిల్లిపాదియు తలచుచుందురు. నామినీ సాధారణముగా సొమ్మును అందుకొను చేయి మాత్రమే, యజమాని కాడు. బీమా విషయమున సుప్రీంకోర్టు 1983లో సర్బతీ దేవి కేసులో ఇట్లే చెప్పినది. 2015 సవరణ తరువాత బీమా పాలసీలలో భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైనచో వారి స్థానము మారినది. కంపెనీల షేర్ల విషయమున మాత్రము నామినీ యజమాని కాడని 2023లో సుప్రీంకోర్టు మరల స్థిరపరచినది. నామినీ లేని బాకీలు, డిపాజిట్లు రాబట్టుకొనుటకు జిల్లా కోర్టునుండి వారసత్వ ధ్రువపత్రము అవసరము కావచ్చును. ఇది ముస్లింలకును వర్తించును. తహసీలుదారు ఇచ్చు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు వేరు. అది ఎవరి వాటా ఎంతో తేల్చదు.

రెండవ అపోహ జి.పి.ఏ. గూర్చినది. కడప, నిజామాబాదు, కరీంనగరు జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోయిన మన సోదరులు ఊరిలోని స్థలము నిర్వహణకై తమ్మునికో బావమరిదికో జి.పి.ఏ. ఇచ్చుచుందురు. అది అధికారపత్రమే గాని యాజమాన్యపు పత్రము కాదు. జి.పి.ఏ. మూలమున జరిగిన ‘అమ్మకము’ వలన స్థిరాస్తిపై హక్కు సంక్రమింపదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టము చేసినది. ఇచ్చినవాడు మరణించినచో సాధారణముగా ఆ అధికారమును అంతమగును. విదేశమున వ్రాసిన పత్రము మన దేశమునకు చేరిన మూడు నెలలలోపల స్టాంపు వేయింపవలెను.

వ్యాపారము

మన పట్టణములలో అన్నదమ్ములు కలిసి నడుపు దుకాణములు, బేకరీలు, అడితులు ఎన్నియో కలవు. అధికభాగము నమ్మకముమీదనే నడచుచున్నవి. నమ్మకము మంచిదే, కాని చట్టము కొన్ని ఖాళీలను తన లెక్కప్రకారము పూరించును. 1932 నాటి భాగస్వామ్య చట్టము చెప్పునది చూడుడు. ఒడంబడిక లేనిచో లాభనష్టములు సమానము. ఒకడు పది లక్షలు పెట్టినను, మరియొకడు రెండు లక్షలు పెట్టినను అంతే. సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామియు తన సొంత ఆస్తితో సహా బాధ్యుడు. సంస్థ నమోదు కానిచో ఒప్పందము ప్రకారము రావలసిన బాకీకొరకు ఇతరులపై దావా వేయలేదు. వేరు ఒడంబడిక లేనిచో ఒక భాగస్వామి మరణించినంతనే సంస్థ రద్దగును.

ఈ చివరి నియమమే మన కుటుంబములకు ప్రమాదకరము. ముగ్గురు భాగస్వాములు ఉన్నచో, ఒకరు మరణించినను మిగిలినవారు సంస్థను కొనసాగింతురని పత్రములో వ్రాసికొనవచ్చును. ఇద్దరే ఉన్నచో ఆ వాక్యమును పనిచేయదు. ఒక్కనితో భాగస్వామ్యము ఉండదు గదా! ఈ సంగతిని సుప్రీంకోర్టు 1965లో చెప్పినది. కనుక ఇద్దరు అన్నదమ్ముల సంస్థలో మూడవ భాగస్వామిని చేర్చుకొనుటయో, 2008 చట్టము క్రింద పరిమిత బాధ్యతా భాగస్వామ్యముగా మార్చుకొనుటయో ముందే ఆలోచింపవలెను. పోయిన అన్న వాటాకు వెల ఎట్లు కట్టవలెను, వదినకు ఎన్ని నెలలలో చెల్లింపవలెను అను విషయములు పత్రములో ఉండవలెను. లెక్క తీర్చకుండ ఆయన సొమ్ముతోనే వ్యాపారము నడపుచున్నచో, ఆ సొమ్ముపై వచ్చిన లాభములో వాటాగాని, సాలుకు నూటికి ఆరు వడ్డీగాని కోరు హక్కు ఆయన వారసులకు కలదు. ఎందరు వితంతువులకు ఈ సంగతి తెలియును?

ఒక్కడే నడుపు దుకాణమునకు వేరే వ్యక్తిత్వము లేదు. యజమాని పోవుటతోనే జి.ఎస్.టి. నమోదు, లైసెన్సు, బ్యాంకు కరెంటు ఖాతా అన్నియు ప్రశ్నార్థకములగును. కనుక రావలసినవి, ఇవ్వవలసినవి వ్రాసిన పుస్తకమును, పత్రములు దాచిన చోటును ఇంటిలో మరియొకరికి తెలిపి యుంచుట కనీసపు జాగ్రత్త.

వకీలును ఎంచుకొనుట

ఇంగ్లండులో సలహా చెప్పి పత్రములు వ్రాయు న్యాయవాది వేరు, కోర్టులో వాదించు న్యాయవాది వేరు. మన దేశమున బొంబాయి, కలకత్తా హైకోర్టులలో మిగిలియున్న ‘అటార్నీ’ల తరగతి 1976 సవరణతో అంతరించినది. 1961 నాటి అడ్వకేట్ల చట్టము క్రింద నేడు ఉన్నది అడ్వకేటు అను ఒకే తరగతి. వారిలో కొందరు సీనియరు అడ్వకేట్లు. రాష్ట్ర బార్ కౌన్సిలు జాబితాలో పేరున్నవారే వకీలు వృత్తి చేయుటకు అర్హులు. కనుక నమోదు సంఖ్య అడుగుటలో అవమానము లేదు. దస్తావేజు లేఖరి అనుభవజ్ఞుడే కావచ్చును; కాని అతనికి అలవాటైనది దస్తావేజు భాష. మీ కుటుంబపు చిక్కును విప్పి సలహా చెప్పు బాధ్యత అతనిది కాదు.

వకీలు తన వృత్తికి ప్రకటన చేసికొనుట బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. కావున తెలిసినవారిని విచారించి ఎంచుకొనవలెను. క్రిమినలు కేసులలో ప్రసిద్ధుడైన వకీలు వీలునామాలలో నేర్పరి కాకపోవచ్చును. ముస్లిం ధర్మశాస్త్రపు కేసులు, రిజిస్ట్రేషను వ్యవహారములు చేసిన అనుభవము ఎంత యని అడుగవలెను. వాటాల విషయమున ఆలిమును అడుగుడు. ఆ వాటాలు ఈ దేశపు కోర్టులో నిలుచునట్లు పత్రము వ్రాయుటకు వకీలును అడుగుడు. ఒకరు చేయు పని మరియొకరు చేయజాలరు.

మొదటిసారి పోవునపుడు వంశవృక్షము, నికాహ్‌నామా, ఆస్తి దస్తావేజులు, వాని వెనుకటి లింకు దస్తావేజులు, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, పట్టాదారు పాసుపుస్తకము, పన్ను రసీదులు, అప్పుల పట్టిక, వ్యాపారపు ఒడంబడిక ఉన్నచో దాని నకలు తీసికొనిపోవలెను. అసలు పత్రములు ఇచ్చినచో రసీదు పొందవలెను. ఫీజు ఎంత, అందు ఏ పనులు చేరును, స్టాంపు ఖర్చు వేరా అను విషయములు ముందే వ్రాతమూలకముగా తేల్చుకొనవలెను. ఫలితములో వాటాను ఫీజుగా అడుగుట వకీలుకు నిషిద్ధము. అట్లు అడిగినవానిని విడిచిపెట్టుడు. ఖాళీ వకాల్తాపై గాని, ఖాళీ స్టాంపు కాగితముపై గాని సంతకము చేయరాదు. పత్రమును మీకు వచ్చిన భాషలో, తెలుగైనను ఉర్దూయైనను, చదివి వినిపించుమని కోరవలెను. ఇద్దరు భాగస్వాములకు ఒకే వకీలు పత్రము వ్రాయునపుడు, రేపు తగవు వచ్చినచో ఆయన ఏ ఒక్కరి పక్షమునను నిలువరాదని ఇరువురును గ్రహింపవలెను.

వకీలుతో చెప్పిన రహస్యము రహస్యముగనే ఉండునా అను భయము కొందరికి కలదు. కక్షిదారుడు వృత్తి సందర్భమున చెప్పిన సంగతిని అతని సమ్మతి లేక వకీలు వెల్లడింపరాదు. 1872 నాటి సాక్ష్య చట్టములోని ఈ రక్షణ, 2024 జులై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను కలదు. అయితే నేరము చేయుటకై చెప్పినదానికి ఈ రక్షణ లేదు. కనుక అప్పులు, రెండవ కుటుంబము, అన్నదమ్ముల మనస్పర్ధలు - ఏదియు దాచక చెప్పవలెను. వైద్యునియొద్ద నొప్పి దాచినవానికి మందు దొరకదు.

ఫీజు ఇచ్చుకొనలేనివారు నిరాశ చెందనవసరము లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయములో దరఖాస్తు ఇచ్చిన చాలును.

ఆడబిడ్డ సంతకము

తండ్రి పోయిన నలువదవ దినమున బంధువులందరు కూడియుండగా ఆడబిడ్డ ముందు ఒక కాగితము పెట్టి సంతకము చేయుమనుట మన ఇండ్లలో అరుదు కాదు. అది హక్కు విడుదల పత్రము. పెండ్లికి ఖర్చు పెట్టితిమి గదా అని అన్నలందురు. పుట్టింటి రాకపోకలు తెగిపోవునను భయముతో ఆమె సంతకము చేయును. పెండ్లి ఖర్చు వారసత్వపు వాటాకు బదులు కాదు. ఖురాను ఆమెకు నిర్ణయించిన భాగమును తగ్గించు అధికారము అన్నకు లేదు. ఆమె తెలిసి, ఇష్టపడి ఇచ్చినచో అది ఆమె దానము. తెలియక సంతకము చేసినచో అది ఆమె నష్టము. మన కళాశాలలో చదువుచున్న ప్రతి విద్యార్థినియు అట్టి కాగితము ముందుకు వచ్చిననాడు, ‘నా వకీలుకు చూపి సంతకము చేయుదును’ అను ఒక్క మాట చెప్పగలిగిన చాలును. ఆ మాటలో అన్నపై అపనమ్మకము లేదు. తన హక్కుపై ఎరుక కలదు.

వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులు ఈ సెలవులలో తమ ఇంటి వ్యాపారమునకు ఒడంబడిక పత్రము కలదా, అది నమోదైనదా అని తండ్రిగారిని మర్యాదగా అడుగవచ్చును. మన కళాశాల కమిటీవారు సంవత్సరమునకు ఒకసారి అనుభవజ్ఞుడైన అడ్వకేటును, ఒక ఆలిమును ఒకే వేదికపై కూర్చుండబెట్టి విద్యార్థుల తల్లిదండ్రులకు ఈ విషయములు చెప్పించినచో అందుకు పెద్ద ఖర్చు కాదు. ఏ ఒక్క తాతయో ఆ సాయంకాలము ఇంటికి పోయి తండ్రిలేని మనుమల పేరు కాగితముమీద వ్రాయించినను, ఆ సభ సార్థకమైనట్లే.